కురూపి అన్నది ఎవరు?

మహాభారతం చెప్పిన వ్యాసుడు అదే కథలో తానూ ఒక పాత్ర. ఆ పాత్రను ఆయన అందగాడిగా రాసుకోలేదు. నల్లని ఒళ్ళు, జడలు కట్టిన జుట్టు, మండుతున్నట్టుండే కళ్ళు, తపస్సులో పడి పట్టించుకోని శరీరం. సత్యవతి మాట మీద వంశం నిలపడానికి వచ్చిన ఆ ఋషిని చూసి అంబిక కళ్ళు మూసుకుంది. అంబాలిక పాలిపోయింది. మొదటి ఆమెకు గుడ్డివాడైన ధృతరాష్ట్రుడు, రెండో ఆమెకు పాలిపోయిన ఒంటితో పాండురాజు పుట్టారు. మళ్ళీ వెళ్ళమంటే అంబిక తనకు బదులు దాసిని పంపింది. ఆ దాసి జంకలేదు. ఆమె కడుపున విదురుడు పుట్టాడు. నన్నయ ఆదిపర్వం రాసిన నాటి నుంచి తెలుగువాళ్ళు ఈ ఘట్టాన్ని చదువుతూనే ఉన్నారు.

దీన్ని వంశం కథగా, నియోగం కథగా చదవడం అలవాటు. మన సాహిత్యంలో వికారాన్ని గురించిన తొలి గొప్ప కథ కూడా ఇదేనని నా నమ్మకం. శరీరం ఒక్కటే, చూసిన కళ్ళు మూడు జతలు. ఏ కన్ను ఎలా చూసిందన్న దాని మీదే భారతమంతా నడిచింది. అయినా ఆ రాజకుమార్తెలిద్దరినీ తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. భర్త పోయిన ఆడవాళ్ళను వాళ్ళ ఇష్టమేమిటని ఎవరూ అడగలేదు. వాళ్ళ ఏవగింపులో సగం భయం. అంటే ఏవగింపు కూడా ఒకరి బతుకులోంచి, ఒకరి స్థానంలోంచి పుట్టేదే. కథలు, శిల్పాలు, చట్టాలు, సినిమాలు ఏవి తిరగేసినా నాకు ముందు వచ్చే ప్రశ్న అదే: ఈ మనిషిని కురూపి అన్నది ఎవరు, ఆ మాట అన్నాక ఏం చేశారు?

శాస్త్రం మాత్రం వికారాన్ని వెలివేయలేదు. భరతుడి నాట్యశాస్త్రంలో ఎనిమిది రసాలుంటే వాటిలో బీభత్సం ఒకటి. జుగుప్స దాని స్థాయిభావం, నీలం దాని రంగు, మహాకాలుడు అధిదేవత. అదే గ్రంథం విదూషకుడు ఎలా ఉండాలో చెబుతూ పొట్టివాడు, ఎత్తుపళ్ళవాడు, గూనివాడు, బట్టతలవాడు, వికారపు మొహంవాడు అని లక్షణాలు వరసగా ఇచ్చింది. అక్కడితో దారులు రెండయ్యాయి. ఒక వికారాన్ని చూసి ఒళ్ళు జలదరించాలి, ఇంకో వికారాన్ని చూసి నవ్వాలి. యూరప్‌లో కార్ల్ రోజెన్‌క్రాంజ్ 1853లో వికారం మీదే ఒక సౌందర్యశాస్త్రం రాశాడు. 2007లో ఉంబెర్టో ఎకో బొమ్మలతో సహా ఆ చరిత్రనంతా ఒక పెద్ద పుస్తకంలో పెట్టాడు. రెండూ విలువైన పుస్తకాలే. అయితే లక్షణగ్రంథంలో చోటు దొరికినంత మాత్రాన కథలో బతికే హక్కు దొరకలేదు.

శూర్పణఖనే చూడండి. వాల్మీకి ఆమెను రాముడి పక్కన నిలబెట్టి ఒక్కో అవయవాన్ని ఎదురెదురుగా పోల్చాడు. ఆయనది అందమైన మొహం, ఆమెది వికారం. ఆయనది సన్నని నడుము, ఆమెది పెద్ద పొట్ట. కంటి దగ్గర, జుట్టు దగ్గర, గొంతు దగ్గర అదే వరస. ఆమె తన రూపాన్ని దాచుకోకుండానే వచ్చి, ఇష్టమైన మాట నోరు తెరిచి చెప్పింది. తమిళంలో కంబన్‌కు ఈ పోలిక సరిపోలేదు. ఆమె అందగత్తెగా మారి వచ్చిందని మార్చాడు. రెండు కథల్లోనూ జరిగేది మాత్రం ఒక్కటే. అన్నదమ్ములు కాసేపు ఆమెతో పరిహాసమాడాక లక్ష్మణుడు ముక్కూ చెవులూ కోశాడు. వికారమైనదని మొదట చెప్పి, ఆ తర్వాత కత్తితో ఆ వికారాన్ని ఖాయం చేశారు.

హోమర్ ‘ఇలియడ్’ రెండో సర్గలో థెర్సిటీజ్ ఉన్నాడు. ట్రాయ్‌కి వచ్చినవాళ్ళలోకెల్లా అనాకారి అని కవి ముందే చెప్పేస్తాడు. దొడ్డికాళ్ళు, కుంటినడక, ముందుకు వంగిన భుజాలు, కోసుగా ఉన్న తల మీద పలచని జుట్టు. అతను సభలో లేచి, అగమెమ్నాన్ అత్యాశపరుడని, సైనికులు చచ్చేది అతని లాభం కోసమని అంటాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అకిలీజ్ అంతకుముందు అన్నదీ దాదాపు అదే. ఒడీసియస్ రాజదండంతో వీపు మీద కొడతాడు, థెర్సిటీజ్ ఏడుస్తాడు, సైన్యమంతా నవ్వుతుంది. ఆ సైన్యం నవ్విన చోట నేను ఎప్పుడు చదివినా ఆగిపోతాను. మాటకు జవాబు లేనప్పుడు మొహాన్ని చూపించి నోరు మూయించడం ఎంత పాతదో ఆ పేజీ చెబుతుంది.

చంపని కథల్లో, కొట్టని కథల్లో ఇంకో పద్ధతి ఉంది. అది మార్చేయడం. మధురలో గంధం మోసుకెళ్ళే మూడు వంకరల కుబ్జను కృష్ణుడు పాదంతో అదిమి, గడ్డం కింద వేళ్ళు పెట్టి ఎత్తి తిన్నగా చేశాడు. పోతన భాగవతంలో ఎంతో ప్రేమగా వచ్చే ఘట్టమది. తల్లి కడుపులో ఉండగానే తండ్రి శాపం తగిలి ఎనిమిది వంకరలతో పుట్టిన అష్టావక్రుడు జనకుడి సభలో వందిని వాదంలో ఓడించాడు. గెలిచాక అతన్ని అలాగే ఉండనిచ్చారా? సమంగ నదిలో ముంచి వంకరలు తీసేశారు. కర్కోటకుడి కాటుతో బాహుకుడైన నలుణ్ణి దమయంతి అతను వండిన మాంసం రుచి చూసి గుర్తుపట్టింది. రూపం పోయినా మనిషి మిగిలే ఉన్నాడని నాలుకతో తెలుసుకున్న ఆ ఘట్టం ప్రపంచ సాహిత్యంలోనే అరుదైనది. అక్కడ కూడా చివరకు పాత రూపం తిరిగి రావాల్సిందే. పడమటి కథలూ అంతే. మృగం రాజకుమారుడవుతుంది, ఆండర్సన్ 1843లో రాసిన అనాకారి బాతుపిల్ల హంసవుతుంది. మేరీ షెల్లీ 1818లో పుట్టించిన ప్రాణి, విక్టర్ హ్యూగో 1831లో రాసిన గూని గంటలవాడు క్వాసిమోడో మారరు కాబట్టి కథ చివరన మిగలరు. ఆ ఇద్దరి పక్షానా నిలబడిన రచయితలకు సైతం వాళ్ళను బతికించి ఊళ్ళో ఎక్కడ పెట్టాలో తోచలేదు.

తెలుగు రంగస్థలం మీద ఈ శిక్ష అన్నిటికంటే గట్టిగా కనిపించింది ‘రక్తకన్నీరు’లో. తమిళంలో ఎం.ఆర్. రాధా ఆడిన నాటకాన్ని నాగభూషణం తెలుగులో ఊరూరా ఆడి, దాని పేరునే తన ఇంటిపేరుగా చేసుకున్నారు. విదేశాల్లో చదివి వచ్చి, అహంకారంతో విలాసాల్లో మునిగినవాడికి చివరకు కుష్ఠువు వస్తుంది. నటన గొప్పది, వ్యంగ్యం పదునైనది, జనం విరగబడి చూశారు. కానీ ఆ నాటకం జనం మనసులో నాటిందేమిటి? కుష్ఠువు చెడునడతకు వచ్చే ఫలితమని. అది బాక్టీరియా వల్ల వచ్చే జబ్బని 1873లోనే నార్వేలో హాన్సెన్ కనిపెట్టాడు. 1980ల నుంచి బహుళ ఔషధ చికిత్సతో పూర్తిగా నయమవుతోంది. అయినా మన దేశంలో భార్యాభర్తల్లో ఒకరికి కుష్ఠువు ఉంటే విడాకులకు అది చాలిన కారణమన్న నిబంధన వ్యక్తిగత చట్టాల్లో 2019 వరకూ ఉంది. నాటకం మీద నాకు కోపం లేదు. మందు వచ్చిన తర్వాత కూడా కథ మారకపోవడం మీదే నా బాధంతా.

అంతకన్నా భయపెట్టేది, కవి చేసే పని ప్రభుత్వాలు మొదలుపెట్టడం. 1891లో హెర్బర్ట్ రిస్లీ మనుషుల ముక్కులు కొలిచి, ముక్కు వెడల్పు పెరిగేకొద్దీ కులం అంతస్తు తగ్గుతుందని తేల్చాడు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాదిలో అలాంటి కొలతలే తీశాడు. కె. రంగాచారితో కలిసి 1909లో ఏడు సంపుటాల్లో తెచ్చిన కులాలు, తెగల గ్రంథంలో తెలుగు కులాల వివరాలు బోలెడు ఉన్నాయి. ఇవాళ్టికీ చరిత్ర రాసేవాళ్ళు దాన్ని తిరగేస్తారు. నేనూ తిరగేస్తాను. అలా తిరగేసిన ప్రతిసారీ ఒక మనిషి ముక్కు మీద ఇనుప కొలబద్ద పెట్టి నిలబడిన అధికారి గుర్తొస్తాడు. పంచవటిలో ముక్కు కోశారు, మద్రాసులో ముక్కు కొలిచారు.

దక్షిణాఫ్రికా ఖోయ్‌ఖోయ్ స్త్రీ సారా బార్ట్‌మన్‌ను 1810లో లండన్‌లో టికెట్టు పెట్టి జనానికి చూపించారు. 1815లో పారిస్‌లో ఆమె చనిపోయాక శరీరాన్ని కోసి, భాగాలను మ్యూజియంలో పెట్టారు. అవి సొంత నేలకు చేరింది 2002లో. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో 1867లో, షికాగో 1881లో, అవయవాలు దెబ్బతిన్నవాళ్ళు, చూడడానికి వికారంగా ఉన్నవాళ్ళు వీధిలో జనం కంట పడకూడదని నిబంధనలు పెట్టాయి. వాటి అసలు గురి బిచ్చమెత్తే పేదవాళ్ళు. షికాగోలో ఆ నిబంధన 1974 దాకా పుస్తకాల్లో ఉంది. జర్మనీలో నాజీలు 1937లో మ్యూనిక్‌లో ‘పతనమైన కళ’ పేరుతో ప్రదర్శన పెట్టి, తమకు వికారమనిపించిన ఆధునిక చిత్రాలను వెక్కిరించడానికి వేలాడదీశారు. వాటిలో ఓటో డిక్స్ పనులూ ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో పోరాడి వచ్చిన డిక్స్, 1924లో యాభై ఎచింగులతో ‘యుద్ధం’ అనే వరస వేశాడు. కుళ్ళిన శవాలు, గ్యాస్ తొడుగులు, చీలిపోయిన మొహాలు. అందులో వికారమైనది యుద్ధం. శిక్ష పడింది మాత్రం దాన్ని ఉన్నదున్నట్టు గీసినవాడికి. మన దగ్గర 1943 బెంగాల్ కరువులో చిత్తప్రసాద్ మిద్నాపూర్ ఊళ్ళ వెంట నడిచి, ఎముకల గూళ్ళయిన మనుషుల్ని నల్లసిరాతో గీసి ‘హంగ్రీ బెంగాల్’ పుస్తకంగా వేస్తే బ్రిటిష్ ప్రభుత్వం ఆ ప్రతులను స్వాధీనం చేసుకుంది. కరువును అందంగా గీయడం అబద్ధమాడడమేనని తెలిసిన చిత్రకారుడాయన.

ఇన్ని శిక్షల మధ్య, దేవుళ్ళ దగ్గర మాత్రం మనవాళ్ళ చూపు వేరు. అలంపురంలో జోగులాంబ తల మీద తేలూ బల్లీ ఉంటాయి. లేపాక్షి నాట్యమండపంలో ఎముకలు తేలిన భృంగి మూడు కాళ్ళ మీద నాట్యమాడతాడు. అమరావతి స్తూపం మీద పొట్టిపొట్టి యక్షులు పూలదండలు మోస్తారు. తమిళనాడులో కారైక్కాల్ అమ్మయ్యార్ తన అందాన్ని తీసేసి పిశాచ రూపం ఇమ్మని శివుణ్ణే అడిగింది. వేలాడే రొమ్ములతో, పక్కటెముకలతో, చేత తాళాలతో కూర్చున్న ఆమె చోళుల కాలపు కంచువిగ్రహాల కంటే గంభీరమైన ఆడమనిషి రూపాన్ని నేను శిల్పంలో చూడలేదు. భర్త కోసం, లోకం కోసం ఉండాల్సిన రూపాన్ని ఆమె తన ఇష్టంతో వదిలేసింది. శివుణ్ణే పెళ్ళికొడుకుగా కోరిన పార్వతి ముందు బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడే తన పాములనూ బూడిదనూ ఏనుగుతోలునూ ఏకరువు పెట్టి వెక్కిరిస్తాడు. కాళిదాసు నుంచి శ్రీనాథుడి హరవిలాసం దాకా నడిచిన కథ అది. ఆమె తొణకదు. ఊళ్ళలో స్ఫోటకం వచ్చిన ఇంట్లో అమ్మవారు పోసిందనేవారు. మచ్చలు పడిన మొహం అమ్మ తాకిన మొహం. అవే మచ్చలు నవలల్లో, సినిమాల్లో రౌడీకి గుర్తు అయ్యాయి. 1977లో దేశం నుంచి మశూచి పోయిందని ప్రకటించిన తర్వాత కూడా ఆ గుర్తు చాలాకాలం తెర మీద మిగిలింది.

దేవుళ్ళ తర్వాత ఆ స్వేచ్ఛ దొరికింది తోలుబొమ్మలకు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఇప్పటికీ ఈ బొమ్మలు చేస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. రాముడు, సీత, రావణుడు నగిషీలతో నిండుగా వెలుగుతుంటే, నడుమ వచ్చే బంగారక్క, కేతిగాడు, జుట్టుపోలిగాడు వంకర మూతులతో, అదుపులేని ఒళ్ళతో తయారవుతారు. రాజులు రామాయణం దాటి ఒక్క మాట అనలేరు. వీళ్ళు మాత్రం ఊరి పెద్దను, వడ్డీలను, మొగుడూ పెళ్ళాల గొడవలను, దేన్నైనా ఎత్తుకోగలరు. థెర్సిటీజ్ నోరు ఇక్కడ నొక్కేయలేదు. నవ్వు అతని వైపు నుంచి వస్తుంది.

ఆధునిక తెలుగు కవిత్వంలో ఈ ప్రశ్న జాషువ చేతిలో పూర్తిగా తిరగబడింది. ప్రేమ సందేశాలకు హంసలు, మేఘాలు ఉన్న సంప్రదాయంలో ఆయన 1941లో గబ్బిలాన్ని పంపాడు. అపశకునమని, అసహ్యమని తరిమే జీవి. ఆకలితో ఉన్న అంటరాని మనిషి గోడు శివుడికి చేరాలి. అతన్ని గుడిలోకి రానివ్వరు. గబ్బిలాన్ని ఆపేవాళ్ళు లేరు, అది గర్భగుడిలోనే వేలాడుతుంది. ఎంపికలోనే కావ్యం సగం పూర్తయింది. జంతువులలో అంటరానిదాన్ని మనుషుల్లో అంటరానివాడు బంధువుగా పలకరించిన ఆ క్షణం వెనక అలంకారశాస్త్రం మీద ఒక తీర్పు ఉంది. సాలీడు మీద, శ్మశానం మీద ఆయన రాసిన పద్యాలలోనూ అదే చూపు. హరిశ్చంద్ర నాటకంలో నటులు కాటిసీనులో ఆయన పద్యాలు పాడుతుంటే జనం బీభత్సాన్ని కరుణగా విన్నారు.

శ్రీశ్రీ 1950లో ‘మహాప్రస్థానం’తో వీధి వస్తువులన్నిటికీ కవితలో చోటు చేశాడు. అందులో నాకు ఎక్కువ విలువైనది ‘భిక్షువర్షీయసి’. దారి పక్క చెట్టు కింద ముసలి బిచ్చగత్తె. ఆమెను చూసి జాలి పడమని కవి అడగలేదు. ఆమె చస్తే జవాబుదారీ ఎవరని గాలి చేత అడిగించాడు.

1965లో ఆరుగురు దిగంబర కవులు హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత తమ తొలి సంపుటి విడుదల చేయించారు. మర్యాదస్తుల భాషను చీల్చి, చీమూ నెత్తురూ కంపూ కవిత్వంలోకి తెచ్చారు. అవసరమైన తిరుగుబాటే, తెలుగు కవిత్వానికి ఊపిరి ఆడింది. కానీ కుళ్ళిన సమాజాన్ని తిట్టడానికి వాళ్ళు ఎక్కువగా అందుకున్న పోలికలేమిటి? వేశ్య, సుఖరోగం, కుష్ఠువు, ఆడదాని శరీరం. శూర్పణఖ మీద, కుష్ఠురోగి మీద అప్పటికే ఉన్న ఏవగింపునే కొత్త కోపానికి ఇంధనంగా వాడుకున్నారు. స్త్రీవాదులు తర్వాత దీన్ని తప్పుపట్టడం నూటికి నూరుపాళ్ళూ న్యాయమని నా అభిప్రాయం. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనానికి ‘నల్లపొద్దు’ అని పేరు పెట్టడంలో ఆ న్యాయం ఉంది. నలుపును తిట్టుగా వాడినవాళ్ళ చేతిలోంచి లాక్కున్న పేరది.

నలుపు సంగతి ఇంకా తేలలేదు. కృష్ణుడు నలుపు, ద్రౌపది నలుపు, రాముడు నీలిమేఘం. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టాక ఇంటింటి గోడకూ చేరిన దేవతలు మాత్రం తెల్లబడ్డారు. ఫెయిర్ అండ్ లవ్‌లీ క్రీము 1975లో బజారుకొచ్చింది. పేరులోంచి తెలుపు తీసేసింది 2020లో. మధ్యలో నలభై అయిదేళ్ళు ఎంతమంది ఆడపిల్లలు అద్దం ముందు తమ మొహాన్ని తామే నిందించుకున్నారో లెక్క వేయగలిగినవాళ్ళు లేరు. తెలుగు సినిమా వీళ్ళకు సాయం చేయలేదు. ‘మాయాబజార్’లో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడిని పిల్లలకు ఇష్టుడైన రాక్షసుడిగా చేసిన 1957 తర్వాత, నల్లని ఒళ్ళు, లావు ఒళ్ళు, పొట్టి ఒళ్ళు ఎక్కువగా కామెడీ ట్రాక్‌లో చెంపదెబ్బలు తినడానికే పనికొచ్చాయి. 2020లో సుహాస్ నటించిన ‘కలర్ ఫోటో’ నల్లని కుర్రాడిని నవ్వులపాలు చేయకుండా ప్రేమకథకు నాయకుణ్ణి చేసింది. జాతీయ అవార్డు కూడా వచ్చింది. మంచి సినిమా. అయినా అలాంటి కుర్రాడు ప్రేమించడమే ఇంకా కథకు వస్తువు అవుతుందంటే ఎక్కడున్నామో తెలుస్తుంది. చిత్రకళ ఈ విషయంలో ముందుంది. కరీంనగర్ పల్లెలో పుట్టిన తోట వైకుంఠం దశాబ్దాలుగా చిక్కని నల్లని ఒళ్ళున్న తెలంగాణ ఆడవాళ్ళను, పెద్ద ఎర్రబొట్టుతో, పచ్చని, ఎర్రని చీరలతో గీస్తున్నారు. ఆ నలుపు లేకపోతే పక్కన ఉన్న రంగులేవీ నిలబడవు.

ఓల్గా ‘విముక్త’ కథలకు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అందులోని ‘సమాగమం’లో అడవిలో ఉన్న సీత శూర్పణఖను కలుసుకుంటుంది. ముక్కు తిరిగి మొలవదు. ఏ నదీ, ఏ దేవుడూ ఆమెను సరిచేయరు. ఆమె చావదు కూడా. అందం మీద పుట్టిన ద్వేషాన్ని దాటి, తన చేతుల పనిలో, తాను పెంచిన తోటలో అందాన్ని మళ్ళీ నేర్చుకుని బతుకుతుంది. మార్చడం, చంపడం అన్న రెండు పాత దారులూ కాని మూడో దారిని తెలుగులో ఇంత స్పష్టంగా చూపిన కథ నాకు ఇంకొకటి తెలియదు. ఆమె సీతతో మాట్లాడుతుంది కాబట్టి, మనం చూసేది ఆమె మొహాన్ని కాదు, ఆమె చూస్తున్న లోకాన్ని.

మంథర విషయంలో అలాంటి పని జరగాలని నా కోరిక. అయోధ్యకాండలో ఆమె మాట తలకెక్కిన తర్వాత కైక ఒక్కసారిగా ఆమె గూనిని పొగడడం మొదలుపెడుతుంది. బుద్ధులూ రాజనీతులూ మాయలూ అన్నీ అందులోనే ఉన్నాయంటుంది. భరతుడికి పట్టం కడితే ఆ గూనికి చందనం పూసి బంగారు దండ వేస్తానంటుంది. ఆ తర్వాత, రాముడు అడవికి వెళ్ళాక, శత్రుఘ్నుడు ఆ మంథరనే నేల మీద ఈడుస్తాడు. గూని అదే, రాణి అవసరం ఒకరోజు దాన్ని అందంగా చూపింది, రాకుమారుడి కోపం ఇంకోరోజు దాన్ని పాపంగా చూపింది. తన ఒంటి గురించి మంథర ఏమనుకునేదో రామాయణం చెప్పదు. ఆ కథను ఆమె నోటితో రాయగల తెలుగు రచయిత కోసం నేను ఎదురుచూస్తున్నాను.